దుబ్బవాగు తండాలో గ్రేసమ్మ చెప్పిన మాట

గ్రేసమ్మ రిటైరై ఏడాది దాటింది. ఆ సంగతి ఆమె కాళ్ళకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. తెల్లవారి అయిదు కాగానే లేస్తుంది, తల దువ్వుకుంటుంది, జనగామలోని ఆ రెండు గదుల ఇంటి గుమ్మం దాకా వచ్చి చెప్పులు కూడా వేసుకుంటుంది. అప్పుడు గుర్తొస్తుంది, పోవాల్సిన చోటేదీ లేదని. ఆర్టీసీలో కండక్టరు చేసి ఆమె కంటే ముందే ఇల్లు పట్టిన భర్త జయపాల్ మంచం మీది నుంచే, "ఏ తండకు పోతున్నవ్ దొరసానీ? బస్సు ఎప్పుడో ఎల్లిపోయింది" అని ఎకసెక్కమాడతాడు. "నీ నోట్ల మన్నువడ" అని నవ్వుకుంటూ ఆమె చాయ్ పెట్టడానికి పోతుంది. చాయ్ మరిగేలోపు మనసు మాత్రం వెళ్ళిపోయిన ఆ బస్సే ఎక్కేస్తుంది.

ముప్పై ఆరేళ్ళు ఏఎన్ఎంగా చేసింది. ఆ ఇంగ్లీషు అక్షరాలు జీతం కాగితం మీదివి. ఊళ్ళలో ఆమె నర్సమ్మ, పిల్లలకైతే సూదమ్మ. మొదటి పోస్టింగు కొడకండ్ల దిక్కు. తండ్రి పెంటయ్య ఆమె ట్రంకు పెట్టెను సైకిలుకు కట్టి, నాలుగు కోసులు తోసుకుంటూ వచ్చి దింపిపోయాడు. పోతూ పోతూ, "బిడ్డా, సూది జర మెల్లగ పొడువు. బీదోళ్ళది గూడ తోలే" అన్నాడు. ఆ రోజుల్లో టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని ఆమె వాడలోకి అడుగు పెడితే, కోళ్ళ కంటే ముందు పిల్లలు చెదిరిపోయేవాళ్ళు. గడ్డివాముల వెనక నుంచి, గాబుల లోపలి నుంచి ఒక్కొక్కణ్ణి చెవి పట్టి లాక్కొచ్చేది. పోలియో ఆదివారాల్లో తలుపుల మీద సుద్దముక్కతో గీతలు గీసేది. ఆ పిల్లలే ఇప్పుడు మీసాలు తిప్పుతూ ఎక్కడైనా కనిపిస్తే, "ఏం సూదమ్మా, గుర్తువట్టినవా?" అని అడుగుతారు. ముఖాలు గుర్తుండవు. ఎవడు ఎట్లా ఏడ్చేవాడో మాత్రం ఆమెకు బాగా గుర్తు.

కొడకండ్ల తర్వాత దంతాలపల్లి దిక్కు పడింది. అక్కడ తండాలు ఎక్కువ. అన్నిట్లోకి ఆమెకు ప్రాణమైనది దుబ్బవాగు తండా. అరవై ఇళ్ళు. వానాకాలంలో డబ్బా నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి వాగు దాటితే తప్ప చేరలేని చోటు. అవతలి గట్టు మీద మంగ్లీ నిలబడి, "రా బిడ్డా, రా, వాగు నిన్ను తినదు, నీ ఒంట్ల ఏమున్నదని తింటది" అని కేకలు పెట్టేది. మంగ్లీ నోరు ఊరికంతా తెలుసు. ఆమె పెట్టే జొన్నరొట్టె, ఎర్రకారం కూడా ఊరికంతా తెలుసు. ఆ రొట్టె తింటూనే గ్రేసమ్మ వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు నేర్చింది. మంగ్లీని "యాడీ" అని పిలిచేది, అంటే అమ్మా అని. కన్నతల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఆ పిలుపు ఆమె నోటికి తియ్యగా ఉండేది. ఇప్పుడు తలుచుకున్నా ఆ కారం ఘాటు నాలుక మీదికి వస్తుంది, కళ్ళల్లో నీళ్ళు కూడా వస్తాయి. ఆ నీళ్ళన్నీ కారం వల్లే అనుకుంటే పొరపాటు.

పదిహేనేళ్ళ కిందటి మాట ఇది. దంతాలపల్లి అప్పటికింకా వరంగల్ జిల్లాలోనే ఉంది. అప్పట్లో పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్లకు క్యాంపులు పెట్టేవాళ్ళు, దానికో టార్గెట్. ఆ టార్గెట్ అనే మాట కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, తెల్లవారుజామున జీపులో పద్నాలుగు మంది ఆడవాళ్ళను, వాళ్ళ చంటిపిల్లలను, వెంట వచ్చే అత్తలను కుక్కి ఏ పొద్దూ క్యాంపుకు తీసుకుపోయి ఉండడు. ఆ క్యాంపు ఏ దవాఖానలో జరిగిందో ఆ పేరు ఈ కథకు అక్కర్లేదు.

దీపావళి దాటిన నాలుగు వారాలకు పడింది ఆ క్యాంపు. మంగ్లీ కోడలు రుక్కి కూడా పేరు ఇచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. అప్పటికే అయిదేళ్ళ బిడ్డ, మూడేళ్ళ కొడుకు. మంగ్లీ కొడుకు వెంకట్ హైదరాబాద్‌లో తాపీపని చేసేవాడు. దీపావళికి వచ్చి అయిదు రోజులుండి, "ఇద్దరు చాలు, క్యాంపు పడితే చేపిచ్చుకో" అని పెళ్ళానికి చెప్పి మళ్ళీ పట్నం పోయాడు. అంతా మాట్లాడుకున్నదే, దాపరికం ఏమీ లేదు.

ఆపరేషన్‌కు పంపే ముందు ప్రతి ఆడమనిషికీ మూత్రం పరీక్ష చేయాలి, కడుపు ఉందో లేదో తేల్చుకోవాలి. ఆఖరుసారి ముట్టు ఎప్పుడో అడిగి రాయాలి. అది రూలు. ఆ పొద్దు గ్రేసమ్మ చేతిలో పరీక్ష కిట్లు పదే ఉన్నాయి. ఆడవాళ్ళు పద్నాలుగు మంది. బయట జీపు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పది మందికి చేసింది. పన్నెండో మనిషి రుక్కి. "బయట ఎప్పుడు కూసున్నవ్?" అని గ్రేసమ్మ అడిగింది. రుక్కి తలవంచుకుంది. అత్త ముందు కోడలు ఇటువంటి మాట పైకి అనదు. గ్రేసమ్మ చూపు పక్కనున్న మంగ్లీ మీదికి పోయింది. మంగ్లీయే అందుకుని, "పోయిన వారమే బిడ్డా. రాసుకో రాసుకో, ఎండ ఎక్కుతున్నది" అంది. పత్తి ఏరే రోజులు. కోడలు ఏ రోజు ఎక్కడ కూర్చున్నదో ఆమెకు మాత్రం ఏం తెలుసు? నోటికి వచ్చింది చెప్పింది. గ్రేసమ్మ ఆ మాటే రాసుకుంది. పరీక్ష గడిలో "కడుపు లేదు" అని రాసి, కింద సంతకం పెట్టింది. చేయని పరీక్షకు సంతకం. ఇరవై ఏళ్ళ నౌకరీలో అటువంటి పని మొదటిసారి చేశానని ఆమె అంటుంది. మొదటిసారే అయినా, చేసింది చేసినట్టే.

ఆపరేషన్ బాగానే అయింది. ఏడో రోజు గ్రేసమ్మ తండాకు పోయి కుట్లు విప్పింది. రొట్టె తిని, డబ్బా సర్దుకుని వచ్చేసింది.

జనవరిలో, మేడారం జాతర ఇంకో వారం ఉందనగా, టీకాల కోసం తండాకు పోయింది. గట్టు మీద మంగ్లీ లేదు. కేక కూడా లేదు. ఇంటి ముందు చింతపండు కొడుతున్న ఒకామె గ్రేసమ్మను చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "రుక్కికి కడుపొచ్చిందక్కా. ఆపరేషన్ అయిందాయె, మగడు పట్నంల ఉండె. ఎవనిదని అందరు అడుగుతున్నరు. ఐతారం వెంకట్ వస్తుండు, పంచాయితి ఉన్నది. పుట్టింటికి తోలిస్తరట, పిలగాండ్లను ఇయ్యరట."

గ్రేసమ్మ టీకాల డబ్బా అక్కడే దింపింది. గబగబా మంగ్లీ ఇంటికి పోయింది. మంగ్లీ గడపలో కూర్చుని ఉంది, లేవలేదు, రమ్మనలేదు. రుక్కి పశువుల కొట్టంలో ఒక మూల గోనె పట్టా మీద ముడుచుకుని ఉంది. గ్రేసమ్మ కొట్టం తడిక దగ్గరికి లాగి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి పెట్టగానే తెలిసింది. అది రెండు నెలల కడుపు కాదు. నాలుగో నెల పడింది. క్యాంపు అయ్యి చూస్తే రెండు నెలలు, పైన పది రోజులు.

"రుక్కీ, సచ్చెం చెప్పు. ఆఖరుకు ఎప్పుడు బయటున్నవ్?"

"దీపావళికి పది దినాల ముంగట అక్కా. గా తర్వాత లేదు."

"మరి ఆ దినం ఎందుకు చెప్పలేదే తల్లీ?"

రుక్కి కోపంగా చూడలేదు. ఏడవను కూడా లేదు. "మీరు నన్ను అడగలే అక్కా. యాడి దిక్కు చూసి అడిగిండ్రు" అంది.

 గ్రేసమ్మ ఆమె పక్కనే గోనె పట్టా మీద కూర్చుని అడిగింది, ఈ మాట ఇంట్లో వాళ్ళకు చెప్పలేదా అని. "చెప్పిన. వెంకట్‌కు ఫోన్ల చెప్పిన. కడుపున్నదాన్ని డాక్టర్లు కోస్తరానే, పరీక్ష చెయ్యకుండ పంపుతరా, నువ్వు చెప్పుడేంది, నర్సమ్మ సంతకం ఉన్నది గద అంటున్నరు." రుక్కి అబద్ధం ఆడుతోందనడానికి తండా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే, గ్రేసమ్మ సంతకం. దవాఖాన తప్పు చెయ్యదని వాళ్ళకంత నమ్మకం.

మర్నాడే రుక్కిని వెంటబెట్టుకుని పోయి స్కానింగ్ తీయించింది. పదహారు వారాలని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని డాక్టర్ భాస్కర్ దగ్గర నిలబడింది. ఆ క్యాంపులో ఆపరేషన్లు చేసింది ఆయనే. చెడ్డవాడు కాడు. రోజుకు నలభై కోతలు కోసి నడుము పట్టుకుని కూలబడే మనిషి. కాగితం చూసి, కింద సంతకం పెట్టి, తలుపు దగ్గరగా వేయించి, మెల్లగా చెప్పాడు.

"చూడు గ్రేసమ్మా. ఆపరేషన్ ఫెయిలయిందని రాద్దాం. నూటికో కోటికో అవుతుంటయి. ఫారం ఉన్నది, నింపితే అయిపోతది. నిన్నెవరు అడగరు, నన్నెవరు అడగరు. ముందే కడుపున్నదని రాసినవనుకో, పరీక్ష ఎందుకు చెయ్యలేదంటరు. సంతకం ఎవరిదంటరు. నీ నౌకరి మీదికొస్తది."

గ్రేసమ్మకు ఒక్క నిమిషం ఆ మాట ఎంతో చల్లగా తగిలింది. దాచడమెందుకు, మనిషే కదా. ఫెయిల్ అనేది ఎంత బాగుంది! ఎవరి తప్పూ కాదు, దేవుడి తప్పు. తలూపబోయింది. అప్పుడు లెక్క గుర్తొచ్చింది. ఆపరేషన్ ఫెయిలయింది అంటే, ఆపరేషన్ తర్వాత కడుపొచ్చింది అని. ఆపరేషన్ తర్వాత వెంకట్ తండాలో లేడు. తనను కాపాడే ఆ ఒక్క మాట రుక్కిని నిలువునా ముంచుతుంది. పంచాయితీలో దానికి మించిన సాక్ష్యం ఇంకొకటి అక్కర్లేదు.

"వద్దు సార్" అంది. "ఉన్నదే చెప్తా."

భాస్కర్ కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "నీ ఇష్టం. నేనైతే చెప్పుమని అన. కానీ స్కానింగ్ మీద నా సంతకం ఉన్నది, దాన్ని మార్చ" అన్నాడు. ఆ పాటి ధైర్యం కూడా ఆ రోజుల్లో తక్కువేమీ కాదని గ్రేసమ్మ ఇప్పటికీ ఆయన్ను మంచిగానే తలుచుకుంటుంది.

ఇంటికి వచ్చి చెబితే జయపాల్ అన్నం కంచం పక్కకు నెట్టాడు. "హరిశ్చంద్రుని చెల్లెలివి మరి! అందరు చేసే పనే నువ్వు చేసినవ్. అందరు మూసుకున్నట్టు నువ్వు మూసుకోవు. తండోళ్ళు కొడితే ఎట్ల? నౌకరి పోతే ఎట్ల?" అన్నాడు. కొడితే ఎట్లా అన్నది ఆమెకు కూడా భయమే. అంతకు ముందు వారమే ఇంకో ఊళ్ళో ఎవరో పిల్లవాడు చనిపోతే నర్సును జుట్టు పట్టి ఈడ్చారు. అయినా ఆదివారం పొద్దున్నే జయపాల్ లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు. "ఒక్కదానివే పోతవా ఏంది, పద" అన్నాడు. తిట్టుకుంటూనే వెంట వచ్చాడు. ఈ మొగుడితో తాను ఇన్నేళ్ళు ఎందుకు కాపురం చేసిందో ఆ పొద్దు ఆమెకు అర్థమైంది.

తండా నాయక్ అమర్‌సింగ్ ఇంటి ముందు పంచాయితీ. మగవాళ్ళు గద్దెల మీద, ఆడవాళ్ళు వెనక గోడ నీడలో. వెంకట్ బస్సు దిగి అట్లాగే వచ్చినట్టున్నాడు, సంచీ పక్కనే ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రుక్కి పిల్లలిద్దరినీ రెండు పక్కలా పట్టుకుని దూరంగా నిలబడింది. గ్రేసమ్మను చూసి అమర్‌సింగ్ కూర్చోమని పీట చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నాయక్ బాపూ, పంచాయితి మొదలువెట్టక ముందు నా మాట ఇనుండ్రి. గిది రుక్కి తప్పు కాదు. ఆపరేషన్ తప్పు గూడ కాదు. తప్పు నాది."

 ఆమె స్కానింగ్ కాగితం తీసింది గానీ, వారాల లెక్క వాళ్ళకు ఎక్కదని తెలుసు. పక్కన కుప్పగా పోసిన పత్తిలోంచి గుప్పెడు కాయలు తీసుకుని కింద కూర్చుంది. "దీపావళి అమాస నుంచి లెక్కవెట్టుండ్రి" అని ఒక్కో అమావాస్యకు ఒక్కో కాయ నేల మీద పెట్టింది. నాలుగు కాయలు. మొదటి కాయను చూపిస్తూ, "గిది దీపావళి. అప్పుడు వెంకట్ ఇంట్లనే ఉన్నడు" అంది. దానికీ రెండో కాయకూ నడుమ ఒక పుల్ల గుచ్చింది. "గిది క్యాంపు. రుక్కి కడుపు నాలుగో నెల. గీ పుల్లకు ముందటిది. బిడ్డ ఇంట్లకు వచ్చినంక నేను తలుపు మూపిచ్చిన. గంతే అయింది. వేరే ఏం లేదు."

"మరి పరీక్ష చేసినమని రాసినవ్ గద నర్సమ్మా?" అమర్‌సింగ్ అడిగాడు.

"చెయ్యలే. కిట్లు అయిపోయినయి. చెయ్యకుండనే చేసినట్టు రాసిన. సంతకం వెట్టిన. రుక్కిని పక్కకు తీస్కపోయి అడగాలె, అడగలే. అడిగితే ఆమె చెప్పేది. ఆమె అబద్ధం ఆడలే, నా కాగితం అబద్ధమాడింది."

ఆ నిమిషంలో ఆమె ఇంకో మాట అనవచ్చు. "పోయిన వారమే" అని చెప్పింది మంగ్లీయే అని. సగం బరువు దిగిపోయేది. గోడ నీడలో మంగ్లీ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు బిగుసుకుపోయి నిలబడింది. గ్రేసమ్మ అటు చూడలేదు. అడగాల్సిన మనిషిని అడగకపోవడం తన తప్పు, అడగని మనిషి చెప్పినదాన్ని రాసుకోవడం కూడా తన తప్పే. అంతవరకే చెప్పింది.

వెంకట్ లేచాడు. జయపాల్ కూడా ఒక అడుగు ముందుకు వేశాడు. వెంకట్ గ్రేసమ్మ దగ్గరికి రాలేదు, నేల మీది కాయల దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కొక్కటి ముట్టుకుంటూ లెక్క పెట్టుకున్నాడు. రెండుసార్లు లెక్క పెట్టాడు. తర్వాత మొహం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఫోన్ల నేను దాన్ని ఏమేమన్ననో మీకు తెల్వదక్కా" అన్నాడు. ఆ గొంతు గ్రేసమ్మ మరిచిపోలేదు.

తిట్లు పడ్డాయి. పడకుండా ఎందుకుంటాయి? "మా ఆడోళ్ళంటే గొడ్లా?" అని ఒక ముసలాయన లేచి కర్ర నేలకు కొట్టాడు. ఆమె తలవంచుకుని అన్నీ విన్నది.  తర్వాత లేచి రుక్కి దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుని, అందరికీ దూరంగా బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. ఈసారి అత్త లేదు, మొగుడు లేడు. "నాలుగు నెలలే కాబట్టి ఇంకా రెండు దార్లున్నయి. ఉంచుకుంటవా, తీపిచ్చుకుంటవా? ఏదైనా నేను పక్కనుంటా. నువ్వే చెప్పు. జల్దేం లేదు" అంది. రుక్కి చాలాసేపు బోరింగు పైపును గోటితో గీరుతూ నిలబడింది. ఆఖరికి, "ఇన్ని మాటలు వడ్డది నాతోని గది గూడ. ఉండనియ్యుండ్రి" అంది.

ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది. గ్రేసమ్మే పురుడు పోసింది. సౌందర్య అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకు చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. అంతటి చనువు అప్పటికి మళ్ళీ రాలేదు. మంగ్లీ పలకరించేది గానీ, మాట పొడిపొడిగా ఉండేది. రొట్టె పెట్టేది కాదు.

ఫారం నింపేటప్పుడు గ్రేసమ్మ ఉన్నదున్నట్టే రాసింది. మెమో వచ్చింది, విచారణ జరిగింది. తోటి నర్సులు చాటుగా భుజం తట్టి, ఎదురుగా మొహం తిప్పుకున్నారు. ఒకామె అయితే "నీ పుణ్యమా అని మా రిజిస్టర్లు గూడ తీసి చూస్తున్నరు" అని మొహం మీదే అంది. నౌకరీ పోలేదు. గంగారానికి బదిలీ అయింది. అప్పట్లో గంగారం అంటే ఉద్యోగస్తులకు అడవిపాలు కావడమే. దుబ్బవాగు నుంచి వచ్చేసిన రోజు వాగులో నీళ్ళు లేవు, నడిచే వచ్చింది. గట్టు మీద ఎవరైనా నిలబడ్డారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ తండా మళ్ళీ నా మొహం చూడదు అనుకుంది. నిజం చెప్పినందుకు సన్మానం చేస్తారని ఆమె అనుకోలేదు. రొట్టె ముక్క మాత్రం మనసులో అడ్డం పడి ఉండిపోయింది.

గంగారంలో మిగిలిన నౌకరీ అంతా చేసింది. అక్కడి ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వుకునేవాళ్ళు. ఏ ఇంటికి పోయినా ముందు అత్తకు ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేది. నీళ్ళు తెమ్మనేది, పక్కింటామెను పిలుచుకు రమ్మనేది, ఏదీ దొరక్కపోతే ఆకాశం చూపించి "యాడీ, వాన వస్తది, మక్కలు ఎత్తుపో" అనేది. ఎండలు మండుతున్న రోజున కూడా వానే. అత్త పోయాక కోడలి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగేది. తాను ఇచ్చిన మందు పడక ఎవరికైనా ఒళ్ళు దద్దురులు ఎక్కితే, మర్నాడు తానే ఇంటికి పోయి, "నిన్న నేనిచ్చిన గోలీ వల్లనే అయింది. నీ కర్మ కాదు" అని చెప్పేది. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. చాలామందికి అది కొత్త. దవాఖాన నోట అటువంటి మాట వాళ్ళు ఎన్నడూ విని ఉండలేదు.

ఇక రిటైరవడానికి ఆరు నెలలు ఉందనగా, ఒక మధ్యాహ్నం సబ్ సెంటర్ ముందు ఆటో ఆగింది. దిగింది ఒక నిండుచూలాలు, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆ వెనక రుక్కి. రుక్కిని గ్రేసమ్మ చూడగానే గుర్తుపట్టింది. పిల్ల ఎవరో అప్పుడు తెలిసింది. పంచాయితీ రోజు తల్లి చెయ్యి పట్టుకుని నిలబడిన అయిదేళ్ళ బిడ్డ. ఆ వెనక, కర్ర పట్టుకుని, ఒకరి చెయ్యి అందుకోకుండా తానే దిగింది మంగ్లీ. పూర్తిగా ముసలిదైపోయింది. నోరు మాత్రం ముసలిది కాలేదు.

"ఏంది చూస్తున్నవ్? నీళ్ళియ్యవా?" అంది.

గ్రేసమ్మ నీళ్ళిచ్చింది, బెంచీ మీద కూర్చోబెట్టింది.  మధ్యలో ఎన్ని దవాఖానలు! మహబూబాబాద్‌లో ఉన్న పెద్ద డాక్టర్లను, మిషన్లను వదిలి, రెండు బస్సులు ఒక ఆటో మారి, నిండు మనిషిని ఇంత దూరం అడవిలోకి ఎందుకు తెచ్చినట్టు?

"యాడీ, నేను నర్సును. పెద్ద కాన్పులు ఈడ చెయ్యరు. అక్కడనే మంచిగ చూస్తరు గద. ఆ దినం అంత తప్పు చేసిన మనిషిని నేను. నా దగ్గరికి తెచ్చినవేంది?"

మంగ్లీ నీళ్ళ చెంబు కింద పెట్టి, చెంగుతో మూతి తుడుచుకుంది. రుక్కి తల పక్కకు తిప్పుకుంది, నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో.

"అక్కడోళ్ళు మంచిగనే చూస్తరు. కాన్పు అక్కడనే చేపిస్తం, నీ చేత చేపియ్య" అంది మంగ్లీ. "నువ్వు ఒక్కపారి పొట్ట మీద చెయ్యివెట్టి చూడు. ఏమన్న తేడా ఉంటే గిప్పుడే చెప్పు. వాళ్ళు తప్పు చేస్తే మాకు ఎవరు చెప్తరే? నువ్వు చేస్తే చెప్తవ్. ఆ దినం సగం తప్పు నాది, నా పేరు సుత తియ్యకపోతివి. గందుకే నీ మొహం చూడనీకె ఇన్నేండ్లు వట్టింది నాకు."

అని, కర్ర పట్టుకుని, మెల్లగా లేచింది. ఎక్కడికి యాడీ అని గ్రేసమ్మ అడిగింది.

"బయటికి" అంది మంగ్లీ. "పిల్లను అడుగవా మరి? నేనుంటే అది చెప్పదు."